బడి నుంచి ఒలింపిక్స్ దాకా: రగ్బీ కథ

స్వర్ణోత్సవ సంచికలో ఆటల మీద ఒక వ్యాసం ఉండాలని సంఘం పెద్దలు అడిగారు. క్రికెట్ గురించో, మన చెడుగుడు గురించో రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. నేను రగ్బీ గురించి రాస్తున్నాను. పోలవరంలో ఎవరూ ఆడని ఆట మనకెందుకని కొందరు మిత్రులు ఇప్పటికే అడిగారు. కారణం ఉంది. ఒక బడి పేరునే తన పేరుగా పెట్టుకొని ప్రపంచమంతా తిరిగిన ఆట అది. పైగా దాని పుట్టుక కథను రాతి మీద చెక్కించింది మనలాంటి ఒక పూర్వ విద్యార్థుల సంఘమే.

ముందు ఆట ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. జట్టుకు పదిహేనుమంది. బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు. తోటివాడికి చేత్తో అందించాలంటే మాత్రం ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అవతలి జట్టు చివరి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అంకాలు వస్తాయి. చెడుగుడు ఆడినవాళ్ళకు ఇది తేలిగ్గానే బోధపడుతుంది. అక్కడ కూతకు వెళ్ళినవాడి మీద అందరూ పడతారు, ఇక్కడ బంతి పట్టుకున్నవాడి మీద పడతారు. దొరక్కుండా గీత చేరడమే రెండింటిలోనూ విద్య.

రాతిపలక వెనక కథ

ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్ళో 1567లో పెట్టిన బడి రగ్బీ స్కూలు. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ, నియమాలను లెక్కచేయకుండా బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తాడనీ, ఈ ఆట అలా పుట్టిందనీ ప్రసిద్ధమైన కథ. అయితే ఈ సంగతి మొదట అచ్చులో వచ్చింది 1876లో. రాసింది అదే బడిలో చదివిన మాథ్యూ బ్లాక్సమ్. ఆయన కూడా కళ్ళారా చూసినవాడు కాదు. ఎల్లిస్ 1872లోనే చనిపోయాడు కాబట్టి అడగడానికి ఆయనా లేడు.

1895లో ఆ బడి పూర్వ విద్యార్థుల సంఘం ఒక విచారణ సంఘాన్ని వేసింది. బతికి ఉన్న పాత విద్యార్థులకు ఉత్తరాలు రాశారు. ఎల్లిస్ పరుగెత్తడం చూశామన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. అయినా 1897లో ఆయనకు అనుకూలంగానే నివేదిక వచ్చింది. 1900లో బడి ఆవరణలో ఆయన పేరిట రాతిపలక వెలిసింది. సరిగ్గా 1895లోనే ఇంగ్లండు ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నాయి. పనికి సెలవు పెట్టి వచ్చే కార్మిక ఆటగాళ్ళకు పోయిన కూలి ఇవ్వాలని అవి పట్టుబట్టాయి. అలా విడిపోయిన ఆట తర్వాత రగ్బీ లీగ్ అయింది, మొదటిది రగ్బీ యూనియన్‌గా మిగిలింది. ఆట చేజారిపోతోందని అనిపించిన ఆ రోజుల్లోనే బడివాళ్ళు అది మాదని రాతి మీద రాయించుకున్నారు.

అంతమాత్రాన ఆ బడి గొప్పతనం తగ్గదు. 1845లో ఆట నియమాలను మొదటిసారి కాగితం మీద పెట్టింది ఆ బడి విద్యార్థులే. అందుకు ఆధారం ఉంది. కథకన్నా ఆ కాగితమే విలువైనదని నా అభిప్రాయం.

మన దేశానికీ ఇందులో ఒక వాటా ఉంది. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు రెండు జట్లుగా ఈ ఆట ఆడి, మరుసటి నెలలో క్లబ్బు పెట్టారు. కొన్నేళ్ళకు ఆడేవాళ్ళు తగ్గి క్లబ్బు మూతపడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి, నాగుపాము పిడులతో, మూత మీద ఏనుగు బొమ్మతో ఒక కప్పు చేయించారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే.

కూబెర్తా చేతి చలవ

ఒలింపిక్స్‌ను పునరుద్ధరించిన పియర్ ద కూబెర్తా ఫ్రెంచివాడు. ప్రష్యా చేతిలో ఓడిపోయిన ఫ్రాన్సులో పెరిగాడు. తమ దేశపు పిల్లలకు పుస్తకాలే తప్ప మైదానం లేదని బాధపడ్డాడు. 1880లలో ఇంగ్లండు బడులు తిరిగి చూశాడు. రగ్బీ స్కూలుకు 1828 నుంచి 1842 దాకా ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న థామస్ ఆర్నాల్డ్‌ను గురువుగా భావించాడు. 1892లో ఫ్రాన్సులో మొదటి రగ్బీ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు రిఫరీగా నిలబడింది కూబెర్తాయే. రెండేళ్ళకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఏర్పడింది. 1896 ఏథెన్స్ క్రీడల్లో రగ్బీ లేదుగాని, 1900లో పారిస్‌లో చేరింది.

ఆ పోటీ ఎంత చిన్నదో చూడండి. వచ్చినవి మూడే జట్లు, జరిగినవి రెండే మ్యాచ్‌లు. జర్మనీ తరఫున ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బు, బ్రిటన్ తరఫున మోస్లీ అనే క్లబ్బు వచ్చాయి. ఫ్రాన్సు జర్మనీని 27-17తోనూ, బ్రిటన్‌ను 27-8తోనూ ఓడించింది. 1908 లండన్‌లో ఒక్కటే మ్యాచ్. ఫ్రాన్సు విరమించుకోవడంతో, ఆస్ట్రేలియా ఆటగాళ్ళ జట్టు బ్రిటన్ తరఫున దిగిన కార్న్‌వాల్ జట్టును 32-3తో ఓడించింది. ఆడిన ఆ ఒక్క ఆటకే ఒకరికి స్వర్ణం, మరొకరికి రజతం దక్కాయి.

1920 ఆంట్వెర్ప్‌లోనూ రెండే జట్లు. అమెరికా జట్టులో ఎక్కువమంది కాలిఫోర్నియా కళాశాలల కుర్రాళ్ళు. వాళ్ళు ఫ్రాన్సును 8-0తో ఓడించారు. 1908లో ఆస్ట్రేలియా తరఫున స్వర్ణం గెలిచిన డాన్ కరోల్ ఈసారి అమెరికా తరఫున మరో స్వర్ణం గెలిచాడు.

1924లో మళ్ళీ పారిస్. ఫ్రాన్సు రుమేనియాను 61-3తో, అమెరికా అదే రుమేనియాను 37-0తో ఓడించాయి. మే 18న కొలంబ్ స్టేడియంలో చివరి మ్యాచ్. సొంతగడ్డ మీద ఫ్రాన్సుదే గెలుపని అందరూ అనుకున్నారు. అమెరికా 17-3తో గెలిచింది. ప్రేక్షకులు తట్టుకోలేకపోయారు, గ్యాలరీల్లో కొట్లాటలు జరిగాయి. పతకాలిచ్చేటప్పుడు అమెరికా జాతీయగీతం ఈలల్లో, కేకల్లో మునిగిపోయింది. విజేతలు పోలీసుల కాపలాతో బయటపడ్డారు.

మరుసటి ఏడు కూబెర్తా అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నాడు. ఆడే దేశాలా పిడికెడు, పైగా ఆ గొడవల చెడ్డపేరు. ఆటను వెనకేసుకొచ్చే మనిషీ లేడు. రగ్బీ ఒలింపిక్స్ నుంచి వెళ్ళిపోయింది. పెద్దదిక్కు ఒక్కరి మీదే ఆధారపడిన దేనికైనా ఇదే గతి అని సంఘాలు నడిపే మనకు వేరే చెప్పక్కర్లేదు.

తొంభై రెండేళ్ళ తర్వాత

2009లో ఒలింపిక్ కమిటీ ఏడుగురు ఆడే రగ్బీకి ఓటు వేసింది. 2016 రియోలో పురుషుల ఫైనల్లో ఫిజీ బ్రిటన్‌ను 43-7తో ఓడించింది. ఆ చిన్న దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి ఉన్న దేశమది. మహిళలకూ అదే ఏడు మొదటిసారి పోటీ పెట్టారు, ఆస్ట్రేలియా గెలిచింది. మన భారత పురుషుల జట్టు 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో రగ్బీ ఆడింది.

మన చెడుగుడు దారి కూడా ఇలాంటిదే. 1936లో అమరావతి నుంచి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్ళు బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా ప్రదర్శించారు. ఆ అమరావతి మన రాజధాని కాదు, విదర్భలోది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మళ్ళీ ప్రదర్శనగానే మిగిలింది. పతకాల పోటీ అయింది 1990 బీజింగ్‌లో, ఆడపిల్లలకు 2010లో.

వెనక నిలబడిన పంతుళ్ళు

రగ్బీ వెనక ఆర్నాల్డ్ ఉన్నట్టే, మన తెలుగునేల ఒలింపిక్ చరిత్ర వెనకా ఒక బడిపంతులు ఉన్నారు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటలు నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా వెళ్ళేనాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు. చాలాకాలం ఆయన పేరు మనవాళ్ళకే తెలియకుండా పోయింది.

ఇప్పుడు మన బడి సంగతి. పాపికొండల లోపలి ఊళ్ళ నుంచి లాంచీలో వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళు మనలో ఎందరో. చెడుగుడులో వాళ్ళ పట్టు వేరుగా ఉండేది. ఆ ఊళ్ళలో చాలా భాగం ఇప్పుడు ప్రాజెక్టు ముంపులో ఉన్నాయి. మనుషులు పునరావాస కాలనీలకు చెదిరిపోయారు. ఏ ఏడు ఏ జట్టు ఏ ఊరు వెళ్ళి గెలిచిందో, ఏ డ్రిల్ మాస్టారు ఎవరికి ఆట నేర్పారో చెప్పగలిగినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు.

రగ్బీ పూర్వ విద్యార్థులు విచారణ మొదలుపెట్టేసరికి 72 ఏళ్ళు గడిచిపోయాయి. చూసినవాళ్ళు లేరు, కథే మిగిలింది. మన సంఘానికి యాభై ఏళ్ళే. చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. సభ్యులందరికీ నా విన్నపం ఒక్కటే. మీ దగ్గర పాత జట్టు ఫొటో ఉంటే వెనకవైపు పేర్లూ ఊళ్ళూ సంవత్సరమూ రాయండి. సర్టిఫికెట్ ఉంటే నకలు తీసి సంఘానికి ఇవ్వండి. పెద్దవాళ్ళు చెప్పేది తేదీ వేసి, చెప్పినవారి పేరుతో రాసుకోండి. వచ్చే సంచిక నాటికి ఒక నోటుపుస్తకం నిండితే, రాతిపలక లేకపోయినా మన బడికి లోటేమీ ఉండదు.