దృష్టిలోపం గలవారికి స్వతంత్ర జీవన నైపుణ్యాల శిక్షణ

చూపు పూర్తిగా లేనివారు, పాక్షికంగా కోల్పోయినవారు ఇతరులపై ఆధారపడకుండా దైనందిన కార్యాలు నిర్వహించుకొనుటకు ఇచ్చే శిక్షణను స్వతంత్ర జీవన నైపుణ్యాల శిక్షణ అంటారు. ఇది వైద్యచికిత్స కాదు. చికిత్స వలన తిరిగిరాని చూపు స్థానంలో స్పర్శ, వినికిడి, వాసన, జ్ఞాపకశక్తి, మిగిలియున్న కొద్దిపాటి చూపులను క్రమపద్ధతిలో వినియోగించుకొనుటయే దీని ప్రధానోద్దేశం.

చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కొరకు 1915లో ఆర్థర్ పియర్సన్ లండనులో సెయింట్ డన్‌స్టన్స్ సంస్థను నెలకొల్పాడు. పత్రికాధిపతియైన పియర్సన్ స్వయంగా అంధుడు. భారతీయ సైనికుల కొరకు 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ వసతిగృహం ప్రారంభమైంది. 1950లో అక్కడే వయోజన అంధుల శిక్షణా కేంద్రం ఏర్పడింది. ఈ కృషియే తరువాత జాతీయస్థాయి సంస్థగా రూపొందింది. పొడవైన చేతికర్రతో నడిచే పద్ధతిని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాకు చెందిన రిచర్డ్ హూవర్ రూపొందించాడు.

శిక్షణాంశాలు

నడక: తెల్ల చేతికర్ర సాధారణంగా రొమ్ము ఎముక వరకు ఎత్తు ఉంటుంది. కర్రను భుజాల వెడల్పు కంటె కొద్దిగా ఎక్కువగా ఇరువైపులా ఆడిస్తారు. కుడికాలు ముందుకు వేసినపుడు కర్రకొన ఎడమవైపు నేలను తాకుతుంది. దీనివలన తరువాతి అడుగు పడే చోటు ముందే తెలుస్తుంది. తోడుగా నడిచేవారు అంధుని చేయి పట్టి లాగరాదు. అంధుడే వారి మోచేతి పైభాగాన్ని పట్టుకొని అర అడుగు వెనుకగా నడవాలి.

వంట: ఆవాలు చిటపటలాడే శబ్దాన్ని బట్టి నూనె కాగినదని గ్రహిస్తారు. చల్లని ద్రవాలు పోయునపుడు పాత్ర అంచులోపల వేలుకొన ఉంచి మట్టం తెలుసుకొంటారు. గ్యాసుపొయ్యిపై పాత్రను సరిగా అమర్చిన తరువాతనే మంట వెలిగించడం నేర్పుతారు.

భోజనం: పళ్ళెమును గడియారపు ముఖంగా భావిస్తారు. అన్నం 6 గంటల స్థానంలో, కూర 12 గంటల స్థానంలో, పచ్చడి 3 గంటల స్థానంలో ఉన్నవని చెప్పిన చాలును.

డబ్బు: 100, 200, 500 రూపాయల నోట్లపై తాకి గుర్తించే గీతలు ఉంటాయి. పాతబడిన నోట్లపై ఇవి అరిగిపోతాయి. మహాత్మా గాంధీ నూతన శ్రేణిలో ఈ మూడింటి పొడవులు వరుసగా 142, 146, 150 మిల్లీమీటర్లు. తేడా స్వల్పం కనుక ఒక్కొక్క నోటును ఒక్కొక్క విధంగా మడచి దాచుకొనడం నేర్పుతారు. నోట్లను గుర్తించుటకు రిజర్వు బ్యాంకు 2020లో 'మణి' అనే మొబైల్ అనువర్తనాన్ని విడుదల చేసింది.

చదువు, సమాచారం: బ్రెయిలీ లిపితో పాటు తెరపాఠ్యాన్ని చదివి వినిపించే సాఫ్టువేర్ల వాడకం ఇందులో భాగం. వీటిలో ఉచితంగా లభించే ఎన్‌విడిఎ 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది.

తెలుగు ప్రాంతాలలో

1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చికిత్సతో పాటు పునరావాస విభాగమూ ఉంది. సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవనార్ అంధుల పాఠశాల హైదరాబాదులోనే ఉంది. పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్ ఈ పాఠశాల విద్యార్థియే.

కలకడ, పుంగనూరు, కుప్పం వంటి ప్రాంతాల గ్రామీణులకు నగర కేంద్రాలు దూరం. నగరంలో నేర్చిన కాలిబాట నడక పొలంగట్టుపై యథాతథంగా పనికిరాదు. ఇంటి నుండి బావికి, పశువులపాకకు, బస్సు ఆగే చోటికి పోవు దారినే అభ్యసించాలి. అందువలన శిక్షకుడే ఇంటికి వచ్చి నేర్పే సమాజాధారిత పునరావాస పద్ధతి పల్లెలకు అనువైనది.

కుటుంబం పాత్ర

మధ్యవయస్సులో చూపు పోయినవారిని ప్రమాదభయంతో ఏ పనీ చేయనివ్వక కూర్చోబెట్టడం సాధారణం. ఇది ప్రేమతో చేసినదే అయినా, ఉన్న నేర్పు కూడా క్రమంగా నశిస్తుంది. వస్తువులను తీసినచోటనే తిరిగి పెట్టడం, తలుపులను సగం తెరచి ఉంచకపోవడం, వచ్చినపుడు, వెళ్ళునపుడు మాటతో తెలియజేయడం కుటుంబసభ్యులు పాటించవలసిన ముఖ్యనియమాలు.

చట్టం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం, అద్దాలతో సరిచేసిన తరువాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటె తక్కువ ఉంటే అంధత్వంగా పరిగణిస్తారు. ప్రభుత్వోద్యోగాలలో అంధులకు, అల్పదృష్టి గలవారికి కలిపి 1 శాతం కేటాయింపు ఉంది.

ఇవి కూడా చూడండి

* అంధత్వం
* బ్రెయిలీ లిపి
* లూయీ బ్రెయిలీ
* ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ