పంచ్: తెలుగు తీరపు పానీయము

కాకినాడ రేవునకును, పెరూ దేశపు పిస్కో రేవునకును నడుమ ఎంత సముద్రము! అయినను ఆ రేవు పేర వెలసిన ద్రాక్షసారాతో కలుపు పానీయములకు మూలము వెదకిన, మన కోస్తా తీరమే కనబడును.

1611లో ఆంగ్లేయుల గ్లోబ్ నౌక పెద్దపల్లెకును, మచిలీపట్నమునకును వచ్చెను. పెద్దపల్లె యనగా నేటి నిజాంపట్నము. అచ్చటి వర్తకశాలల తెల్లవారు కల్లునుండి కాచిన సారాలో నిమ్మరసము, పంచదార, నీరు, సుగంధద్రవ్యము కలుపుకొనిరి. అదియే పంచ్. 1632 సెప్టెంబరు 28న రాబర్టు ఆడమ్స్ అనునతడు పెద్దపల్లె వర్తకునకు వ్రాసిన జాబులో దానిని పేర్కొనెను. ఆంగ్లమున ఆ మాట మనకు దొరకుచున్న తొలి తావు అదియే.

వస్తువులైదు గనుక ‘పంచ’ శబ్దమే పేరైనదని వైద్యుడు ఫ్రయర్ 1698లో అచ్చైన గ్రంథమున చెప్పెను. పీపా పేరే కారణమని మరికొందరందురు. పాళ్లు చోటుచోటున మారుటచే ఈ వాదము తేలదు. పేరెవరిదైనను సారా మన చెట్లదే.

నావికులతో అది ఇంగ్లండు చేరి, అట్లాంటిక్ దాటెను. 19వ శతాబ్దిలో శాన్ ఫ్రాన్సిస్కోలో కల్లుసారా స్థానమును పిస్కో ఆక్రమించి ‘పిస్కో పంచ్’ అయ్యెను. పిదప లీమాలో నిమ్మరసము, పంచదార, గ్రుడ్డు తెల్లసొన చేర్చి, నురుగుపై కొన్ని చేదు చుక్కలు వేయసాగిరి. ఆ చేదు, 1824లో వెనిజులాలోని అంగోస్తురా పట్టణమున సీగర్ట్ అను జర్మను వైద్యుడు కడుపు జబ్బులకై కూర్చిన మందు.