రెండో సీటులో చేసిన సర్వీసు



1956 నవంబరు 1 వరకు మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు మైసూరుకు పోయింది, మేము ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాము. తరువాత బీదరు వైమానిక స్థావరం పైలట్ల శిక్షణకు పేరు పొందింది. అక్కడ చాలాకాలం వాడిన కిరణ్ విమానంలో రెండు సీట్లు పక్కపక్కనే ఉంటాయి. గుమాస్తా బుద్ధి కదా, నాకు ఒకటే సందేహం: ఇద్దరు కూర్చుంటే ఆ గంటలు ఎవరి ఖాతాలో రాస్తారు?

మనకు సర్వీసు రిజిస్టరు ఎలాగో పైలటుకు లాగ్ బుక్కు అలాగ. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యుడై నడిపినవి కావాలి. శిక్షణలో గురువు, శిష్యుడు ఇద్దరూ గంటలు రాసుకుంటారు, కాని వేర్వేరు పద్దుల కింద.

అమెరికాలో సేఫ్టీ పైలటు అని ఇంకొకరుంటారు. నడిపేవాడు బయటి దృశ్యం కనబడకుండా ముసుగు తగిలించుకొని, కేవలం మీటర్లు చూసి నడపడం అభ్యాసం చేస్తాడు. అంతసేపూ పక్కవాడు ఎదురుగా మరో విమానం వస్తున్నదా అని కాపలా కాయాలి. ముసుగు ఉన్నంతసేపు అతడు లేనిదే ఆ ప్రయాణం చెల్లదు గనుక, ఆ సమయం అతని పుస్తకంలోనూ చేరుతుంది. ముసుగు తీశాక చేరదు. ఎంత న్యాయమైన లెక్క!

అయితే లెక్క కుదిరినా హోదా దక్కని సందర్భాలున్నాయి. బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రేమ్ మాథుర్ పైలటుగా చేరారు. 1947లో కమర్షియల్ లైసెన్సు పొందిన ఆమె, దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలటు. ఆడమనిషి అని పలు కంపెనీలు కాదన్న తరువాత హైదరాబాదు ఆమెకు కో-పైలటు సీటు ఇచ్చింది. కాని కావలసిన గంటలు పూర్తయినా విమానాన్ని పూర్తిగా ఆమె చేతికి అప్పగించలేదని ఆమె గురించి రాసినవారు చెబుతారు. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచారు. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇది చదివినప్పుడు నా సంగతి గుర్తుకు వచ్చింది. ఒక కార్యాలయంలో పదకొండు నెలలు సూపరింటెండెంటు పని కూడా నేనే చూశాను. ఉత్తర్వు నోటిమాటే. ఎస్.ఆర్.లో ఒక్క ముక్క ఎక్కలేదు. రిటైరయ్యేటప్పుడు అడిగితే, "కాగితం ఉందా?" అన్నారు. ఎన్నో ఏళ్ళు ఇతరులను అదే ప్రశ్న అడిగినవాణ్ణి, ఏం జవాబు చెప్పగలను? ఇంటికి వచ్చి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

దీనికి వ్యతిరేకమైనదీ జరిగింది. 2011లో కొందరు ఎగరని గంటలు లాగ్ బుక్కుల్లో రాయించుకున్నారని బయటపడి అరెస్టులయ్యాయి. చేసినది రాయకపోతే ఒక మనిషికి నష్టం. చేయనిది రాస్తే విమానంలో కూర్చున్నవారందరికీ ప్రాణాపాయం.

అందుచేత ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు నా మనవి: అదనపు బాధ్యత ఇస్తే కాగితం అడగండి, ఆ నెలలోనే నమోదు చేయించండి. మీరే ఆ రిజిస్టరు రాసే కుర్చీలో ఉంటే, పక్క సీటువాడి గంటలు మరువకండి.