రాజీనామా: రచ్చబండ నుండి న్యాయస్థానము వరకు

రాజీనామా యనగానే నేడు ఉద్యోగము వదలుకొనుటయే స్ఫురించును. కోర్టు భాషలో దానికి మరియొక అర్థము కలదు: తగవులాడిన ఇరుపక్షముల వారు సమాధానపడి వ్రాసికొనిన పత్రము. ఆలుమగలు విడిపోవునపుడు పొలము, నగలు, సామానులు పంచుకొని వ్రాసికొను కాగితము కూడ అట్టిదే. దానిని వ్రాయుట సులభము, చెల్లించుకొనుట కష్టము. ఈ కష్టమునకు మన సీమలో ఒక చరిత్ర కలదు.

1800లో నిజాము కడప మొదలగు దత్తమండలములను కుంపిణీకి వదలెను. 1807 వరకు అచట ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో, ప్రజల తగవులను పంచాయతీలే తీర్చుట మేలని తలచెను. 1816 నాటి మద్రాసు రెగ్యులేషనులలో ఆ భావము శాసనరూపము దాల్చెను. కాని జనులు ఆ పంచాయతీలను అంతగా ఆశ్రయింపలేదు. 1827లో మన్రో నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో మరణించెను.

శాసనముతో పనిలేని కులపెద్దల పంచాయతీ మాత్రము నిలిచెను. ఆచారసిద్ధమైన విడాకులను 1955 నాటి హిందూ వివాహ చట్టము 29వ సెక్షనులో కాపాడెను కూడ. అయితే పెద్దల మాటకు బలము ఊరి కట్టుబాటే. వానలు లేక భర్త వలసపోయినను, అప్పులవాడు పొలముపై దావా వేసినను, ఆ కట్టుబాటు ఆమెకు అక్కరకు రాదు. ‘రెండెకరముల మెట్ట నీది’ యని పెద్దలు తెల్లకాగితముపై వ్రాయించినంత మాత్రమున భూమి ఆమెది కాదు. నూరు రూపాయలు మొదలు ఆపై విలువగల స్థిరాస్తి హక్కును మార్చు పత్రము రిజిస్టరు కావలెనని 1908 నాటి చట్టము విధించినది.

ఈ లోటును తీర్చు మార్గములు క్రమముగా ఏర్పడినవి. వివాహ చట్టమునకు 1976లో పరస్పర సమ్మతితో విడాకులు చేరినవి. 1987 నాటి చట్టము లోక్ అదాలతు తీర్పును సివిలు కోర్టు డిక్రీతో సమానము చేసెను. దానిపై అప్పీలు లేదు. మధ్యవర్తి యెదుట కుదిరిన ఒప్పందమునకును అట్టి బలమే యుండవలెనని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టములో 27వ సెక్షను చెప్పుచున్నది.

డిక్రీ చేతికి వచ్చినను పని ముగియదు. చెల్లింపనివానిపై జారీ దరఖాస్తు వేయవలెను. సాధారణముగా దానికి గడువు 12 సంవత్సరములు. కావున రాజీలో సర్వే నెంబరు, హద్దులు, నగల తూకము, సొమ్ము చెల్లించు తేదీ స్పష్టముగా నుండవలెను. ఏ పొలమో తెలియని రాజీని ఏ అమీనును అమలు జరుపలేడు.

పెద్దమనుషులు తగవు తీర్చుట మంచిదే. కాని వారు లేచిపోయిన పిమ్మట ఆమె చేతిలో మిగులునది ఆ కాగితమే. దానికి కోర్టు ముద్ర వేయించి పంపుట వారి ధర్మములో కడపటి భాగము.