ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం – అర్జీదారుని దారి

పాలకుల వల్ల అన్యాయానికి గురైన మనిషి తన దేశపు న్యాయస్థానాల్లో న్యాయం పొందలేకపోతే ఇక ఎవరి ముందు నిలబడాలి? రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఈ ప్రశ్నకు సమాధానంగా ప్రాంతీయ మానవ హక్కుల వ్యవస్థలు ఏర్పడ్డాయి. ఐరోపా దేశాలు 1950లోను, అమెరికా ఖండాల దేశాలు 1969లోను ఒడంబడికలు కుదుర్చుకున్నాయి. ఆఫ్రికా వంతు 1981లో వచ్చింది. ఆఫ్రికా అనుభవాన్ని పరిశీలిస్తే ఇటువంటి సంస్థల బలం ఎక్కడున్నదో, బలహీనత ఎక్కడున్నదో స్పష్టమవుతుంది.

1963లో అడిస్ అబాబాలో ఏర్పడిన ఆఫ్రికా ఐక్యతా సంస్థకు వలస పాలన నుండి విముక్తి ప్రధాన ధ్యేయం. ఒక దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో మరొక దేశం జోక్యం చేసుకోరాదన్నది దాని మూలసూత్రాలలో ఒకటి. చిరకాలం పరాయి పాలనలో మగ్గిన దేశాలకు ఆ సూత్రం ప్రాణప్రదమే. కాని ఉగాండాలో ఈదీ అమీన్, మధ్య ఆఫ్రికాలో బొకాసా, ఈక్వటోరియల్ గినీలో మసీయాస్ ఎన్‌గేమా తమ ప్రజలపైనే దారుణాలకు ఒడిగట్టినప్పుడు అదే సూత్రం అడ్డుగోడ అయింది. ఆ ముగ్గురూ పదవీచ్యుతులైన 1979వ సంవత్సరంలోనే, మన్రోవియాలో సమావేశమైన దేశాధినేతలు మానవ హక్కుల పత్రాన్ని తయారు చేయించాలని నిర్ణయించారు. సెనెగల్‌కు చెందిన న్యాయకోవిదుడు కేబా ఎంబాయే ఆ రచనలో ప్రముఖ పాత్ర వహించారు. గాంబియా రాజధాని బంజూల్‌లో రూపుదిద్దుకొని, 1981 జూన్‌లో నైరోబీలో ఆమోదం పొందిన ఆ చార్టర్ 1986 అక్టోబర్ 21న అమలులోకి వచ్చింది. వ్యక్తి హక్కులతో పాటు ప్రజాసమూహాల హక్కులకు, వ్యక్తి బాధ్యతలకు కూడా అందులో స్థానం కల్పించడం దాని ప్రత్యేకత.

కాగా చార్టర్ ఏర్పరచింది కమిషన్‌నే గాని న్యాయస్థానాన్ని కాదు. కమిషన్ సిఫారసు చేయగలదు; ఆజ్ఞాపించలేదు. ఈ లోటు తీర్చడానికి 1998 జూన్‌లో బుర్కినా ఫాసో రాజధాని ఊగడూగూలో ఒక అనుబంధ ఒడంబడిక కుదిరింది. అది 2004 జనవరిలో అమలులోకి రాగా, 2006లో తొలి న్యాయమూర్తులు ప్రమాణస్వీకారం చేశారు. టాంజానియాలోని అరూషా న్యాయస్థానానికి నిలయమైంది. అయితే ఒడంబడిక 34వ అధికరణంలోని 6వ ఖండం ఒక షరతు విధించింది. వ్యక్తి నేరుగా అర్జీ పెట్టుకోవాలంటే, ప్రతివాది అయిన దేశం అందుకు సమ్మతిస్తూ ముందుగా ప్రత్యేక ప్రకటన చేసి ఉండాలి. అనగా, ఎవరి మీద ఫిర్యాదో వారి అనుమతి ఉంటేనే ఫిర్యాదు!

ఈ షరతు ప్రభావం మొదటి వ్యాజ్యంలోనే బయటపడింది. చాద్ మాజీ నియంత హిసేన్ హబ్రేపై సెనెగల్ తలపెట్టిన విచారణను ఆపాలని ఒక చాద్ పౌరుడు అర్జీ పెట్టుకున్నాడు. సెనెగల్ అటువంటి ప్రకటన చేయలేదు గనుక తనకు విచారణాధికారం లేదని 2009 డిసెంబర్ 15న న్యాయస్థానం తేల్చింది. అర్జీలోని మంచిచెడ్డలు విచారణకే రాలేదు.

ప్రకటన చేసిన దేశాల విషయంలో మాత్రం న్యాయస్థానం వెనుదీయలేదు. స్వతంత్ర అభ్యర్థులు ఎన్నికల్లో పోటీ చేయరాదన్న టాంజానియా నిబంధన చార్టర్‌కు విరుద్ధమని 2013లో తీర్పు చెప్పింది. 1998లో హత్యకు గురైన పాత్రికేయుడు నోర్బర్ట్ జోంగో హంతకులను పట్టుకోవడంలో బుర్కినా ఫాసో తగిన శ్రద్ధ చూపలేదని 2014లో నిర్ధారించింది.

తీర్పులు వెలువడిన కొద్దీ ప్రభుత్వాలకు ఈ న్యాయస్థానం కంటగింపయింది. 2016లో రువాండా తన ప్రకటనను ఉపసంహరించుకున్నది. జాతి సంహార నేరస్థులు ఈ అవకాశాన్ని దుర్వినియోగం చేస్తారన్నది ఆ ప్రభుత్వం చెప్పిన కారణం. అయితే అప్పటికే ఒక ప్రతిపక్ష నాయకురాలి అర్జీ విచారణలో ఉన్నది. 2019 నవంబర్‌లో న్యాయస్థానానికి నిలయమైన టాంజానియాయే తప్పుకున్నది. 2020 మార్చిలో బెనిన్, ఏప్రిల్‌లో ఐవరీ కోస్ట్ అదే బాట పట్టాయి. ఐవరీ కోస్ట్ మాజీ ప్రధాని గియోమ్ సోరోపై జారీ అయిన అరెస్టు వారంటును నిలిపివేయాలని న్యాయస్థానం ఆదేశించిన నెలలోనే ఆ దేశం ఈ నిర్ణయం తీసుకున్నది. 2022లో ట్యునీషియా అధ్యక్షుని అసాధారణ ఉత్తర్వులను న్యాయస్థానం తప్పుపట్టింది. 2025 మార్చిలో ట్యునీషియా కూడా ఉపసంహరణ తెలిపింది. ఆ విధంగా ప్రకటన చేసిన 12 దేశాలలో 5 వెనక్కు మళ్లాయి.

సార్వభౌమత్వం పేరుతో చేసే ఈ వాదన పూర్తిగా త్రోసిపుచ్చదగింది కాదు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తీర్పును బయటివారు తిరగదోడడం ఏ దేశానికైనా ఇబ్బందికరమే. అయితే ఒడంబడికపై సంతకం చేసిందీ, ప్రకటన ఇచ్చిందీ ఆ సార్వభౌమ ప్రభుత్వాలే. తీర్పు అనుకూలమైనంత కాలం మాట మీద నిలిచి, ప్రతికూలమైన నాడు మాట తప్పితే దానిని సార్వభౌమత్వమని ఎలా అనగలం?

నేరుగా వెళ్లే దారి లేనివారి గతి ఏమిటో కెన్యాలోని నూబియన్ ముస్లింల ఉదంతం తెలుపుతుంది. బ్రిటిష్ వారు తమ సైన్యంలో చేర్చుకొని సూడాన్ నుండి తెచ్చిన సైనికుల సంతతి వీరు. నైరోబీలోని కిబెరాలో తరతరాలుగా నివసిస్తున్నారు. అయినా గుర్తింపు కార్డు కోసం వీరి యువకులు ఇతరులకు లేని ప్రత్యేక విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. కెన్యా ప్రకటన చేయని దేశం. కనుక వీరు 2006లో కమిషన్‌ను ఆశ్రయించారు. వీరి పిల్లల పక్షాన దాఖలైన మరో ఫిర్యాదుపై 2011లో ఆఫ్రికా బాలల హక్కుల నిపుణుల సంఘం అనుకూలంగా నిర్ణయించింది. కమిషన్ నిర్ణయం 2015లో గాని వెలువడలేదు. 2017లో కిబెరాలో 288 ఎకరాలకు వీరికి సామూహిక పట్టా లభించింది. న్యాయం దక్కలేదని అనలేము. కాని ఫిర్యాదు నాడు పుట్టిన బిడ్డ నిర్ణయం నాటికి బడికి పోయే వయసుకు వచ్చేసింది.

ఇంతటి ఒడిదుడుకుల్లోనూ న్యాయస్థానం ఒక మేలు చేసింది. ప్రకటన ఉపసంహరణ ఒక సంవత్సరం తర్వాతనే అమలవుతుందనీ, అప్పటికే దాఖలైన అర్జీలకు అది వర్తించదనీ 2016లో రువాండా వ్యాజ్యంలో స్పష్టం చేసింది. తలుపు మూయదలచినవాడు కూడా లోపలికి వచ్చినవాణ్ణి గెంటివేయలేడు. అయితే బయట నిలబడిన వారి సంగతి అలాగే ఉంది. 34వ అధికరణంలోని ఆ షరతు తొలగనంత కాలం, సామాన్యుని హక్కు అతని పాలకుల దయ మీదనే ఆధారపడి ఉంటుంది.