క్షేత్ర ప్రభావ ట్రాన్సిస్టరు పని చేసే ప్రాంతాలు

క్షేత్ర ప్రభావ ట్రాన్సిస్టరు అనునది ఒక అర్ధవాహక పరికరం. దీనిలో రెండు కొనల మధ్య ప్రవహించే కరెంటును, మూడవ కొనకు ఇచ్చిన వోల్టేజి వలన ఏర్పడే విద్యుత్ క్షేత్రం అదుపు చేస్తుంది. ఇంగ్లీషులో దీని పేరు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్. పొడి అక్షరాలలో ఫెట్ అంటారు. ఈ వ్యాసంలో ఇకపై ఆ పొట్టి పేరునే వాడుతున్నాం. కొనల మధ్య ఉన్న వోల్టేజిలను బట్టి ఫెట్ మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది: మూసిన తలుపులా, మామూలు నిరోధంలా, స్థిరమైన కరెంటును ఇచ్చే సాధనంలా. ఈ మూడు ప్రవర్తనలకు వరుసగా కటాఫ్ ప్రాంతం, ట్రయోడ్ ప్రాంతం, సంతృప్త ప్రాంతం అని పేర్లు. ఒకే ఫెట్, ఒకే వలయంలో, తాను ఏ ప్రాంతంలో ఉన్నదనే దానిని బట్టి ఏళ్ల తరబడి చల్లగా పనిచేయవచ్చు, లేదా కొద్ది సేపట్లోనే మాడిపోవచ్చు.

నిర్మాణం

ఫెట్‌కు సోర్సు, డ్రెయిను, గేటు అని మూడు కొనలు ఉంటాయి. ఈ పేర్లు నీటిపారుదల నుండి వచ్చినట్లే ఉంటాయి. ఆవేశాలు బయలుదేరే ఊట సోర్సు, అవి బయటకు పోయే దారి డ్రెయిను, మధ్యలో ప్రవాహాన్ని హెచ్చించి తగ్గించే తూము తలుపు గేటు. సోర్సుకు, డ్రెయినుకు మధ్య ఆవేశాలు నడిచే దారిని చానెల్ అంటారు; తెలుగులో కాలువ అనవచ్చు. కాలువలో నడిచేవి ఎలక్ట్రాన్లయితే అది ఎన్-రకం, రంధ్రాలయితే పి-రకం. ఈ వ్యాసంలోని వివరణ అంతా ఎన్-రకానికి చెందినది. పి-రకానికి వోల్టేజిల, కరెంటుల గుర్తులు తారుమారు చేసుకుంటే సరిపోతుంది.

గేటును కాలువ నుండి వేరుచేసే పద్ధతిని బట్టి ఫెట్‌లు రెండు ముఖ్య జాతులు. సంధి ఫెట్‌లో తిరో బయాస్‌లో ఉన్న పి-ఎన్ సంధి ఈ పని చేస్తుంది. మాస్‌ఫెట్‌లో సిలికాన్ డయాక్సైడు వంటి విద్యుత్ బంధకపు పలుచని పొర చేస్తుంది. రెండింటిలోనూ గేటులోకి స్థిరమైన కరెంటు దాదాపు ఏమీ ప్రవహించదు. బైపోలార్ ట్రాన్సిస్టరును నడపటానికి కరెంటు కావాలి, ఫెట్‌ను నడపటానికి వోల్టేజి చాలు అని పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇందుకే.

చరిత్ర

ఊహ పాతది, వస్తువు కొత్తది. జూలియస్ లిలియన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1925లో కెనడాలోను, 1926లో అమెరికాలోను ఇటువంటి పరికరానికి పేటెంటు దరఖాస్తు చేశాడు. అమెరికా పేటెంటు 1930లో మంజూరయింది. కాని అప్పటి పదార్థాలతో అది పనిచేయలేదు. అర్ధవాహకపు ఉపరితలం మీద చిక్కుకుపోయే ఎలక్ట్రాన్లు గేటు క్షేత్రాన్ని లోపలికి పోనీయకుండా అడ్డుకుంటాయని జాన్ బార్డీన్ 1947లో వివరించాడు. విలియం షాక్లీ 1952లో సంధి ఫెట్ సిద్ధాంతాన్ని ప్రచురించాడు. సిలికాన్ ఉపరితలాన్ని దాని ఆక్సైడుతోనే కప్పి ఆ చిక్కును వదిలించి, బెల్ ప్రయోగశాలలో మొహమ్మద్ అతల్లా, డావన్ కాంగ్ 1959-60లో మాస్‌ఫెట్‌ను తయారు చేశారు.

కటాఫ్ ప్రాంతం

మామూలుగా దొరికే మాస్‌ఫెట్‌లలో గేటు వోల్టేజి సున్నా ఉన్నప్పుడు కాలువే ఉండదు. గేటుకు, సోర్సుకు మధ్య వోల్టేజి ఒక హద్దు దాటినప్పుడే ఉపరితలం వద్దకు తగినన్ని ఎలక్ట్రాన్లు చేరి కాలువ ఏర్పడుతుంది. ఆ హద్దును ఆరంభ వోల్టేజి అంటారు. దానికి దిగువన ఉన్నది కటాఫ్ ప్రాంతం. కరెంటు సున్నా అని మొదటి లెక్కలలో అనుకుంటాం. అది పూర్తి నిజం కాదని చివరి భాగంలో చూస్తాం.

ట్రయోడ్ ప్రాంతం

గేటు వోల్టేజి ఆరంభ వోల్టేజిని ఎంత మించిందో ఆ తేడాను ఇక్కడ మిగులు వోల్టేజి అందాం. డ్రెయిను వోల్టేజి ఈ మిగులు కంటె తక్కువగా ఉన్నంతసేపు కాలువ ఈ కొన నుండి ఆ కొన వరకు తెగకుండా ఉంటుంది. అప్పుడు

కరెంటు = స్థిరాంకం × (మిగులు వోల్టేజి × డ్రెయిను వోల్టేజి − డ్రెయిను వోల్టేజి వర్గంలో సగం)

ఈ స్థిరాంకం కాలువ వెడల్పు, పొడవు, ఆక్సైడు మందం, ఎలక్ట్రాన్ల చలనశీలతల మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు స్థిరాంకం వోల్టు వర్గానికి 2 మిల్లీఆంపియర్లు, ఆరంభ వోల్టేజి 1 వోల్టు, గేటు వోల్టేజి 3 వోల్టులు అనుకుందాం. మిగులు 2 వోల్టులు. డ్రెయిను వద్ద 0.1 వోల్టు ఉంటే కరెంటు 0.39 మిల్లీఆంపియర్లు వస్తుంది. అనగా ఫెట్ సుమారు 256 ఓముల నిరోధంలా ఉన్నది. గేటు వోల్టేజి పెంచితే ఈ నిరోధం తగ్గుతుంది. వోల్టేజితో మార్చగల నిరోధంగాను, స్విచ్‌గాను ఫెట్‌ను వాడేది ఈ ప్రాంతంలోనే.

సంతృప్త ప్రాంతం

డ్రెయిను వోల్టేజి మిగులు వోల్టేజితో సమానమైనప్పుడు డ్రెయిను కొన వద్ద కాలువ సన్నబడి తెగిపోతుంది. దీనిని పించ్-ఆఫ్ అంటారు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: కాలువ తెగిపోతే కరెంటు ఆగిపోవాలి కదా? ఆగిపోదు. పెరగడం మాత్రమే ఆగిపోతుంది.

దీనికి చెరువు అలుగు మంచి పోలిక. వానాకాలంలో చెరువు నిండి అలుగు పారేటప్పుడు ఎంత నీరు దూకుతుందనేది అలుగు మీద నీరు ఎంత ఎత్తున నిలిచిందనే దాని మీద ఆధారపడుతుంది. అలుగు కింద పల్లం మూడు అడుగులైనా ముప్పై అడుగులైనా దూకే నీరు ఒక్కటే. ఫెట్‌లోనూ కాలువ చివరకు చేరిన ఎలక్ట్రాన్లను తెగిన చోట ఉన్న బలమైన విద్యుత్ క్షేత్రం డ్రెయినులోకి లాగివేస్తుంది. ఎన్ని ఎలక్ట్రాన్లు అక్కడికి చేరాలో నిర్ణయించేది గేటు. డ్రెయిను వోల్టేజి పెంచడమంటే పల్లాన్ని ఇంకా లోతు చేయడమే. పోలిక వెనుకకు కూడా నడుస్తుంది: కింది నీరు పెరిగి అలుగు మట్టాన్ని దాటితే అప్పుడు దూకే నీరు కింది మట్టం మీద కూడా ఆధారపడుతుంది. అది ట్రయోడ్ ప్రాంతం.

ఈ ప్రాంతంలో

కరెంటు = స్థిరాంకంలో సగం × మిగులు వోల్టేజి వర్గం

పై ఉదాహరణలో మిగులు 2 వోల్టులయితే కరెంటు 4 మిల్లీఆంపియర్లు, 1 వోల్టయితే 1 మిల్లీఆంపియరు. మిగులు సగమైతే కరెంటు నాలుగో వంతయింది. గేటు వోల్టేజిలో చిన్న మార్పుకు కరెంటు ఎంత మారుతుందో తెలిపే నిష్పత్తిని అన్యోన్య వాహకత అంటారు. వర్ధకాలలో ఫెట్‌ను ఈ ప్రాంతంలో నిలిపేది దీనికోసమే.

నిజమైన ఫెట్‌లో అభిలాక్షణిక వక్రం పూర్తిగా సమతలంగా ఉండదు. డ్రెయిను వోల్టేజి పెరిగేకొద్దీ కాలువ తెగే చోటు సోర్సు వైపు కొద్దిగా జరిగి, మిగిలిన కాలువ పొట్టిదవుతుంది. అందువలన కరెంటు స్వల్పంగా పెరుగుతూ పోతుంది. ఇప్పటి చిప్‌లలోని అతి పొట్టి కాలువలలో వర్గ సూత్రమే చెల్లదు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల వేగం సెకనుకు సుమారు 100 కిలోమీటర్లను మించి పెరగదు. ఆ హద్దు చేరిన తరువాత కరెంటు మిగులు వోల్టేజికి దాదాపు అనులోమంగానే పెరుగుతుంది.

సంధి ఫెట్ ప్రయోగం

ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలో ఫెట్ అభిలాక్షణికాల ప్రయోగానికి చాలాకాలం వాడినది బీఎఫ్‌డబ్ల్యూ10 అనే సంధి ఫెట్. దీనిలో గేటు వోల్టేజి సున్నా వద్దనే కాలువ తెరిచి ఉంటుంది. గేటుకు రుణ వోల్టేజి ఇస్తూ పోతే లేమి పొర వెడల్పయి కాలువను ఇరుకు చేస్తుంది. గేటు సున్నా వద్ద సంతృప్త కరెంటు 10 మిల్లీఆంపియర్లు, పించ్-ఆఫ్ వోల్టేజి −4 వోల్టులు ఉన్న ఫెట్‌లో గేటుకు −2 వోల్టులు ఇస్తే సంతృప్త కరెంటు 2.5 మిల్లీఆంపియర్లకు పడిపోతుంది. వక్రం వంగే చోటు కూడా 4 వోల్టుల నుండి 2 వోల్టులకు జరుగుతుంది.

పక్క బల్ల వారి ఫెట్‌లో కరెంటు రెట్టింపు వచ్చిందని కంగారు పడనవసరం లేదు. ఈ నమూనాకు సంతృప్త కరెంటు 8 నుండి 20 మిల్లీఆంపియర్ల మధ్య ఎంతైనా ఉండవచ్చునని వివరపత్రమే చెబుతుంది. పక్క వారి అంకెలు చూసి రాసిన రికార్డు ఈ ప్రయోగంలో సులభంగా పట్టుబడుతుంది.

పేర్ల తికమక

బైపోలార్ ట్రాన్సిస్టరులో సంతృప్తం అంటే స్విచ్ పూర్తిగా తెరుచుకొని, దాని మీద వోల్టేజి అతి తక్కువగా ఉన్న స్థితి. ఫెట్‌లో ఆ స్థితికి పేరు ట్రయోడ్ ప్రాంతం. ఫెట్‌లో సంతృప్తం అనబడేది బైపోలార్‌లో క్రియాశీల ప్రాంతం. ఒకే మాటకు రెండు చోట్ల దాదాపు వ్యతిరేకమైన అర్థాలు. ఇది చాలదన్నట్లు, ట్రయోడ్ ప్రాంతాన్నే కొన్ని పుస్తకాలు రేఖీయ ప్రాంతం అని, కొన్ని ఓమిక్ ప్రాంతం అని అంటాయి. అధిక సామర్థ్యపు మాస్‌ఫెట్‌ల తయారీదారులు రేఖీయ పద్ధతి అన్నప్పుడు మాత్రం వారి ఉద్దేశం సంతృప్త ప్రాంతమే. కాబట్టి పేరును నమ్మక, డ్రెయిను వోల్టేజిని మిగులు వోల్టేజితో పోల్చి చూసుకోవడం మంచిది.

స్విచ్‌గా వాడేటప్పుడు

వివరపత్రంలో ఆరంభ వోల్టేజి 2 నుండి 4 వోల్టులు అని చూసి, 3.3 లేదా 5 వోల్టుల మైక్రోకంట్రోలరు ఈ ఫెట్‌ను నడపగలదని అనుకోవడం చాలా సాధారణమైన పొరపాటు. ఐఆర్‌ఎఫ్540ఎన్ అనే మాస్‌ఫెట్‌ను తీసుకుందాం. దీని ఆరంభ వోల్టేజిని కొలిచేది డ్రెయిను కరెంటు 250 మైక్రోఆంపియర్లు ఉన్నప్పుడు. ఈ ఫెట్ మోయగల గరిష్ఠ కరెంటు 33 ఆంపియర్లలో అది 1,32,000వ వంతు. అనగా ఆరంభ వోల్టేజి వద్ద తలుపు తెరుచుకోదు, గడియ మాత్రమే కదులుతుంది. వివరపత్రం హామీ ఇచ్చే 0.044 ఓముల నిరోధం గేటుకు 10 వోల్టులు ఇచ్చినప్పటిది.

12 వోల్టుల బ్యాటరీతో 6 ఓముల వేడి తీగను ఈ ఫెట్ ద్వారా నడుపుతున్నామనుకుందాం. గేటుకు 10 వోల్టులు ఇస్తే కరెంటు సుమారు 2 ఆంపియర్లు, ఫెట్‌లో ఖర్చయ్యేది 0.18 వాట్లు. గేటు వోల్టేజి చాలక, ఫెట్ సంతృప్త ప్రాంతంలో చిక్కుకొని 1 ఆంపియరు మాత్రమే పోనిస్తే, తీగ మీద 6 వోల్టులు, ఫెట్ మీద 6 వోల్టులు పడతాయి. ఫెట్‌లో 6 వాట్లు వేడిగా మారుతుంది. వేడిని చల్లార్చే లోహపు రెక్కలు లేనప్పుడు ఈ ఫెట్ ఉష్ణోగ్రత వాట్‌కు 62 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. మొదటి సందర్భంలో పెరుగుదల సుమారు 11 డిగ్రీలు, రెండవ దానిలో 372 డిగ్రీలు. అనుమతించిన గరిష్ఠం 175 డిగ్రీలు. తీగలోని కరెంటు సగానికి తగ్గినా ఫెట్‌లోని వేడి ముప్పైకి పైగా రెట్లు పెరిగింది.

ఆరంభ వోల్టేజి ఒక్కొక్క ఫెట్‌కు ఒక్కొక్క విధంగా ఉంటుంది కాబట్టి, ఇదే వలయం ఒక ఫెట్‌తో పనిచేసి, అదే పెట్టెలోని మరొక ఫెట్‌తో మాడిపోవచ్చు. తక్కువ వోల్టేజితో నడపదలచినప్పుడు 5 వోల్టుల వద్దనే నిరోధానికి హామీ ఉన్న ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ వంటి రకాలను ఎంచుకోవాలి.

ఆరంభ వోల్టేజికి దిగువన

కటాఫ్‌లో కరెంటు సున్నా కాదు. ఆరంభ వోల్టేజి నుండి కిందికి దిగేకొద్దీ కరెంటు ఘాతీయంగా తగ్గుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద కరెంటును పదో వంతుకు తగ్గించడానికి గేటు వోల్టేజిని కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గించాలి. మామూలు మాస్‌ఫెట్ ఎంత బాగా తయారైనా ఈ హద్దును దాటదు; ఇది ఎలక్ట్రాన్ల ఉష్ణశక్తి నుండి వచ్చిన హద్దు. చిప్‌ల వోల్టేజిని ఇష్టం వచ్చినట్లు తగ్గించలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. వోల్టేజితో పాటు ఆరంభ వోల్టేజినీ తగ్గిస్తే, మూసి ఉన్న కోట్ల ట్రాన్సిస్టర్లలో ఒక్కొక్కటీ పదింతలు, నూరింతలు కారుతుంది. అయితే ఈ కారుడునే పనికి వాడుకున్నవారూ ఉన్నారు. అతి తక్కువ కరెంటుతో నడిచే వలయాలను ఈ ప్రాంతంలోనే నిర్మించే పద్ధతిని స్విట్జర్లాండుకు చెందిన ఎరిక్ విట్టోజ్, జీన్ ఫెల్‌రాత్ 1977లో ప్రచురించారు.

ఉష్ణోగ్రత ప్రభావం

వేడెక్కినప్పుడు ఫెట్‌లో రెండు మార్పులు ఎదురెదురుగా పనిచేస్తాయి. ఎలక్ట్రాన్ల చలనశీలత తగ్గి కరెంటును తగ్గిస్తుంది. ఆరంభ వోల్టేజి తగ్గి కరెంటును పెంచుతుంది. గేటు వోల్టేజి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మొదటిది గెలుస్తుంది. స్విచ్‌లుగా వాడే ఫెట్‌లను పక్కపక్కన కలిపితే వేడెక్కినది తన వాటాను తానే తగ్గించుకోవడం ఇందువలననే. గేటు వోల్టేజి తక్కువగా, డ్రెయిను వోల్టేజి ఎక్కువగా ఉన్న సంతృప్త ప్రాంతంలో రెండవది గెలుస్తుంది. అధిక సామర్థ్యపు మాస్‌ఫెట్ లోపల వేల చిన్న ఫెట్‌లు పక్కపక్కన ఉంటాయి. వాటిలో కొంచెం ఎక్కువ వేడెక్కినది ఎక్కువ కరెంటును లాగి, మరింత వేడెక్కి, చివరకు కరిగిపోతుంది. తయారీదారులు ఇచ్చే సురక్షిత ప్రాంతపు పటంలో డీసీ గీత ఈ హద్దును చూపుతుంది. ఆ గీత లేని ఫెట్‌ను స్విచ్‌గా వాడవచ్చు గాని, ఆడియో వర్ధకంలో గాని, నిలకడగా కరెంటును అదుపు చేసే వలయంలో గాని పెట్టరాదు.