తంతి నుండి నిస్తంత్రి దాకా



'తంత్రి' ప్రకృతి, 'తంతి' వికృతి. వీణకు బిగించినా, స్తంభాల మీద లాగినా తీగ తీగయే. అందుకే మన పెద్దలు టెలిగ్రాముకు 'తంతి' అని చక్కని పేరు పెట్టుకొన్నారు. తీగ లేకుండానే వార్త నడచినప్పుడు దానిని 'నిస్తంత్రి' అన్నారు. నేడు ఇంటింటా వైఫై పెట్టె ముందు కూర్చొని మనం సరిచేసే సెట్టింగులకు 'అమరికలు' అన్న మాట స్థిరపడింది. నాకు మాత్రం అది శ్రుతి చేయడమనే తోస్తుంది. ఆ పోలికకు చరిత్రలో ఆధారం ఉన్నది.

1935 ఫిబ్రవరి 3న హైదరాబాదులో డెక్కన్ రేడియో 200 వాట్ల శక్తితో గొంతు విప్పింది. దాని తరంగదైర్ఘ్యం 411 మీటర్లు, పౌనఃపున్యం 730 కిలోహెర్ట్జ్. శ్రోత చేయవలసిన అమరిక ఒక్కటే: ముల్లును ఆ అంకె మీద నిలపడం. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటన జనం చెవిని పడినది రేడియో ద్వారానే. ముల్లు ఒక వెంట్రుకవాసి తొలగితే చరిత్ర గరగర శబ్దంగా మిగిలేది! 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది.

గాలి అందరిదే కాని, గాలిలో తరంగం మాత్రం ప్రభుత్వానిది. బ్రిటిషిండియాలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అనుమతి లేనిదే నిస్తంత్రి పరికరాన్ని దగ్గర ఉంచుకోరాదన్నది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా రేడియోకు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టిన సంగతి మా తరం వారికి గుర్తుండే ఉంటుంది. 1980లలో గాని ఆ బాధ తీరలేదు.

వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం 1997లో వచ్చింది. 'వైఫై' అన్న పేరు 1999 నాటిది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వం ప్రకటించినది 2005 జనవరిలో. నేడు మన ఇంటి పెట్టె నిరాటంకంగా పలుకుతున్నదంటే దాని వెనుక ఈ సడలింపు ఉన్నది.

డెక్కన్ రేడియో అల 411 మీటర్లు. ఈ పెట్టె అల పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ అల ఇంకా పొట్టిది, ఆరు సెంటీమీటర్లే. వేగంలో అది మిన్న, గోడ దాటడంలో వెనుకంజ. కనుక దూరపు గదికి 2.4, పెట్టె ఉన్న గదికి 5 మేలు. 2.4లో ఒకదానితో ఒకటి ఒరుసుకోని చానళ్లు 1, 6, 11. పొరుగింటి పెట్టె 6 మీద ఉంటే మనది 1కో, 11కో మార్చుకోవాలి. ఇదే శ్రుతిభేదం చూసుకోవడం. ఇక తాళం సంగతి: 1997 నాటి వెప్ తాళం 2001 నాటికే పగిలింది. 2004 నాటి డబ్ల్యూపీఏ2, 2018 నాటి డబ్ల్యూపీఏ3 ఎంచుకొనడం క్షేమం. పెట్టెతో వచ్చిన పాత సంకేతపదాన్ని మొదటి రోజే మార్చాలి.

అయితే నిస్తంత్రి నిజంగా నిస్తంత్రియేనా? గణపురం కోటగుళ్ల పొరుగున ఉన్న మా చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం 2010లో 500, 2016లో 600 మెగావాట్లతో ఉత్పత్తికి వచ్చింది. ఆ కరెంటు తీగ లేనిదే పెట్టె వెలగదు. వెనుక మరొక తీగ లేనిదే పలకదు. తీగ చేరని ఇంటికి నిస్తంత్రి కూడా చేరదు.

2020 సెప్టెంబరు 1న తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఈ సంగతి మనస్సులో గట్టిగా నాటుకొన్నది. టీవీకి సంకేతపదం లేదు. టీవీ ఉంటే చాలు, పాఠం వచ్చేది. వైఫైకి తాళం ఉన్నది. తాళం ఉండవలసిందే, కాదనను. కాని చాలా పెట్టెలలో 'అతిథి' పేరుతో వేరొక ద్వారం తెరిచే అమరిక కూడా ఉన్నది. దానికి వేరే సంకేతపదం పెట్టుకోవచ్చు. మన కంప్యూటర్లు ఆ అతిథులకు కనబడవు. పొరుగున చదువుకొనే పిల్లలుంటే ఆ ద్వారం ఒక్కసారి తెరిచి చూడండి.